బావ చెప్పలేని నాలుగంకెలు

మా అక్క ఓర్ఫా మొగుడు ఆర్లిన్ ముప్పై నాలుగేళ్ళు ట్రైలర్ల కింద వెల్లకిలా పడుకుని బతికాడు. ఇండియానాలో మా చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ ఆ ఫ్యాక్టరీలే ఆధారం. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ అమర్చిన చక్రాల ఇళ్ళను మేం తయారు చేస్తాం. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి వాటిని తమ బండ్ల వెనక తగిలించుకుని దేశమంతా తిరుగుతారు. మేం మాత్రం తెల్లవారకముందే పనికి పోయి, మధ్యాహ్నానికి ఇల్లు చేరి, తోటకి నీళ్ళు పెట్టుకుంటాం. నేను అల్మారాలు బిగించేవాణ్ణి, అంటే పైభాగం మనిషిని. బావ అడుగుభాగం మనిషి. ఇరుసులు, చక్రాలు, బ్రేకులు ఆయనవి.

మాది నిరాడంబరంగా బతికే మెనోనైట్ క్రైస్తవ శాఖ, మా మగవాళ్ళు మాటల్లో పొదుపరులు. బావ అలా కాదు. టైర్ల సంగతి ఎత్తితే పళ్ళెంలో కోడి చల్లారిపోయినా ఆపేవాడు కాదు. చర్చి వనభోజనాల్లో ఎవరి ట్రైలరైనా కనిపిస్తే చాలు, మంచి చొక్కా మీదే దాని కిందికి దూరేవాడు.

"ఒరేయ్ వెండెల్, ఇలా వంగు. టైరు పక్కన నాలుగంకెలు కనపడుతున్నాయా? మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అది పుట్టిన తేదీ. ఐదారేళ్ళు దాటిందా, ఇంక దాన్ని నమ్మకూడదు."

"గ్రిప్పు కొత్తదానిలా ఉంది కదా బావా."

"ట్రైలర్ టైరు అరిగి చావదురా. పెరట్లో నిలబడి ఎండకి ఎండి లోపల్లోపల చస్తుంది. పైకి మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది, నీలాగే."

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. "పెళ్ళినాడు మా అక్క మొహం చూశావా, పెళ్ళిబండి టైర్లు చూశావా బావా?" అనేవాణ్ణి.

"రెండూ చూశా. టైర్లలో గాలి తక్కువైంది, మీ అక్కలో ఎక్కువైంది."

ఇరుసుల దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహంలో నవ్వు పోయేది. ఒంటి ఇరుసు ట్రైలరుకి రెండే చక్రాలు. ఒకటి పేలితే ఆ పక్కకి మొత్తం ఒరుగుతుంది. రెండు ఇరుసులదానికి నాలుగు చక్రాలు కాబట్టి, ఒకటి పోయినా పక్కది మోస్తుంది, మనిషికి ఆలోచించుకోడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. "ఒంటి ఇరుసు తప్పని నేననను. తేలికపాటి సామాను పెట్టుకుని, తూకం వేయించుకుని, నిదానంగా పోతే అది బంగారం. దాని మీద సంసారమంతా ఎక్కించేవాళ్ళే నా బాధ," అనేవాడు. ఈ మాటలు నేను ఎన్ని వందలసార్లు విన్నానో. చెవిన పడేవి, అంతే.

పని మానుకున్నాక రెండు ఇరుసుల ట్రైలరు కొని అక్కని ఫ్లోరిడా తీసుకుపోవాలని ఆయన కోరిక. అక్కడ మావాళ్ళు చలికాలం గడిపే పేట ఒకటుంది. అక్క చిన్ననాటి స్నేహితురాలు వెర్డా అక్కడే స్థిరపడి, ఏటా సముద్రం బొమ్మ ఉన్న కార్డు పంపేది. అక్క వాటిని వంటింటి తలుపుకి గుచ్చుకునేది. రెండు ఇరుసుల ట్రైలరుని లాగడానికి సరిపోయే పెద్ద ట్రక్కు బావ ముందే కొని పెట్టుకున్నాడు.

ఇంకో ఆరు వారాల్లో పని మానుకుంటాడనగా, మార్చి నెలలో ఒక పొద్దున, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు.

పక్షవాతం కుడి చేతినీ కుడి కాలినీ పట్టుకుంది. కాలు కొంత తిరిగొచ్చింది, ఊతకర్రతో నడిచేవాడు. చెయ్యి రాలేదు. మాట కూడా రాలేదు. మాట అసలు లేదని కాదు, ఆయన అనుకున్న మాట వచ్చేది కాదు. కాఫీ కావాలంటే "ఆదివారం" అనేవాడు. దుప్పటి కావాలన్నా "ఆదివారం." అప్పుడప్పుడు "ఉప్పు" అని వచ్చేది. నోట్లోంచి ఊడిపడ్డ ఆ మాట విని తనే ఉలిక్కిపడేవాడు.

"ఈయనకి అన్నీ అర్థమవుతాయి," అని మాట నేర్పే డాక్టరమ్మ నాకూ అక్కకీ ఎదురుగా కూర్చుని చెప్పింది. "ఆలోచన ఎక్కడికీ పోలేదు. లోపలి మాటకీ నోటికీ మధ్య దారి తెగింది. రాతకీ అంతే. ఆయన చిరాకుపడుతుంటే వాదించకండి, శాంతపరచండి."

మొదటి మాటలు నేను మరిచిపోయాను. చివరి మాట గుర్తుపెట్టుకున్నాను.

పాడటం మాత్రం మిగిలింది. మా చర్చిలో వాయిద్యాలుండవు, నాలుగు రకాల గొంతులు కలిపి పాడతాం. బావది అడుగు గొంతు, అన్నిటికన్నా మంద్రంగా పలికేది. జబ్బు చేశాక మొదటిసారి చర్చికి తీసుకెళ్ళినప్పుడు, పాట ఎత్తుకోగానే ఆయన నోరు తెరిచాడు. మాటలన్నీ ఒక్కటి కూడా తప్పకుండా వరసగా వచ్చాయి. అక్క పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. పాట అయిపోగానే ఆమె వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు. "ఉప్పు" అన్నాడు.

పెద్ద ట్రక్కు నడిపేవాళ్ళు లేక అమ్మేశాం. మరుసటి ఏడాది వేసవిలో అక్క ఆ కార్డుల ముందు నిలబడి ఉండటం చూశాను.

"నేను తీసుకెళ్తాను అక్కా," అన్నాను. "పెళ్ళాం పోయి ఒంటరిగా ఉన్నాను. పని కూడా మానుకున్నాను. నాకేం తొందర?"

"నీ చిన్న ట్రక్కు లాగుతుందేంట్రా?"

"చిన్న ట్రైలరు చూస్తాను."

చూశాను. మా ఊరి చివర లొయెల్ అనే ముసలాయన కొట్టాం వెనక ఒకటి నిలబడి ఉంది. ఒంటి ఇరుసుది. రెండుసార్లు చెరువు దగ్గరికి తీసుకెళ్ళి, భార్య పోయాక ఇంక కదిలించలేదట. లోపలంతా కొత్తగా ఉంది. నా చేత్తో బిగించినట్టున్న అల్మారాలు. టైర్ల గ్రిప్పు వేలు పెడితే లోతుగా తగిలింది. గాలి తగ్గింది, నింపించాను. పెట్రోలు బంకులో కుర్రాడు కూడా చూసి, "టైర్లు కత్తిలా ఉన్నాయి" అన్నాడు.

నేను దాన్ని అక్క ఇంటి ముందు ఆపేసరికి బావ మెట్లు దిగి వచ్చాడు. ఒకసారి చుట్టూ తిరిగాడు. కింద ఒకే ఇరుసు ఉండటం చూశాడు. తర్వాత చక్రం దగ్గర ఆగి, వంగలేక వంగి, పక్కంతా వెతికాడు. అంకెలు అటు లేవు. కొన్ని టైర్లకి అవి లోపలి వైపే ఉంటాయి.

"ఆదివారం," అన్నాడు నా వైపు చూసి. "ఆదివారం! ఆదివారం!"

"అలాగే బావా. ఆదివారం చర్చి అయ్యాకే బయల్దేరదాం."

ఊతకర్రతో చక్రాన్ని కొట్టాడు. నేను నవ్వి, "గాలి నింపించానులే" అన్నాను.

రెండు రోజుల తర్వాత అక్క కేక పెట్టింది. నేను పరుగెత్తేసరికి బావ ట్రైలరు కింద పడి ఉన్నాడు. నడుము దాకా లోపల, కాళ్ళు బయట. మళ్ళీ పక్షవాతమే అనుకున్నాం. కాళ్ళు పట్టుకుని బయటికి లాగితే ఎడమచేతిలో టార్చి లైటు వెలుగుతోంది. పడలేదు. తనే పాక్కుంటూ పోయాడు. చచ్చుబడ్డ చేతిని ఒంటికింద ఈడ్చుకుంటూ పోయేసరికి మోచెయ్యంతా చీరుకుపోయింది.

కూర్చోబెట్టాక నా చొక్కా పట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది. నోరు తెరిచి మూసి, తెరిచి, "ఉప్పు, ఉప్పు, ఆది..." అని ఆగి, తల అడ్డంగా ఊపి, తన నోటిమీద తనే చేత్తో కొట్టుకున్నాడు.

"ఏంటి ఆర్లిన్? ఏం కావాలి నీకు?" అని అక్క ఏడ్చింది.

కాగితం, పెన్సిలు ఇచ్చాం. ఎడమచేత్తో ఒక సున్నాలాంటిది గీశాడు. దాని పక్కన వంకర గీత. మళ్ళీ సున్నా. కాగితాన్ని చూసుకున్నాడు. తను రాయాలనుకున్నది అది కాదని ఆయనకి తెలుస్తోంది. నాలుగు వేళ్ళు చూపించాడు.

"నాలుగు చక్రాలదైతే బాగుండునంటున్నాడు," అన్నాను నేను అక్కతో. "నా ట్రక్కు అది లాగలేదు బావా. నీకు తెలియనిదా?"

కాగితం ఉండచుట్టి కింద పారేశాడు. ఆ రోజు నుంచి అక్క ఆయన్ని ట్రైలరు దగ్గరికి ఒంటరిగా పోనివ్వలేదు.

నాకు అప్పటికే ఎక్కడో అర్థమైంది, అబద్ధమెందుకు. ఆయన టైర్ల గురించే అంటున్నాడని తెలుసు. కానీ ముప్పై నాలుగేళ్ళ పిచ్చి జబ్బుతో ముదిరిందనుకున్నాను. కొత్తవాటిలా ఉన్న టైర్లు పీకించి మళ్ళీ వేయించడం, ఒక రోజంతా షాపులో కూర్చోవడం నాకు దండగనిపించింది. బయల్దేరడానికి ఐదు రోజులే ఉన్నాయి. ఆయన తిండి మానేశాడు. రోజూ కిటికీలోంచి ట్రైలరునే చూస్తున్నాడు. డాక్టరమ్మ చెప్పింది కదా, వాదించొద్దు, శాంతపరచమని.

అందుకని ఆయన్ని అక్క ఆసుపత్రికి తీసుకెళ్ళిన పూట చక్రాలు సబ్బు పెట్టి కడిగాను. నల్ల పాలిష్ పట్టించాను. వాళ్ళు తిరిగొచ్చాక గుమ్మంలోనే ఎదురెళ్ళి చెప్పాను.

"మార్పించేశాను బావా. రెండూ కొత్తవే. ఇంక హాయిగా భోంచెయ్యి."

అక్క నా భుజం తట్టింది. "చూశావా ఆర్లిన్, తమ్ముడు మార్పించాడు."

బావ నా మొహం చూశాడు. కర్ర టకటకలాడించుకుంటూ ట్రైలరు దగ్గరికి పోయాడు. మెరుస్తున్న టైరు వైపు చూడనేలేదు. చక్రాన్ని పట్టి ఉంచే నట్ల మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. ఎన్నో ఏళ్ళుగా పానా తగలని నట్లు అవి. వేలు ఎత్తి నా కళ్ళ ముందు పెట్టాడు. వేలంతా తుప్పు.

నేను దాన్ని చూశాను. "కాఫీ తాగుదాం పద బావా," అన్నాను.

ఆయన వేలు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ప్యాంటుకి తుడుచుకుని లోపలికి వచ్చాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు. అక్క సంతోషించింది. ఆయన ఎందుకు తిన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆదివారం చర్చి అయ్యాక సామాను ఎక్కించాం. అక్క ఒక్క జాడీ కూడా వదల్లేదు. పీచ్ పళ్ళ జాడీలు, ఆపిల్ గుజ్జు జామ్, వెర్డా కోసం రెండు బొంతలు, కుట్టుమిషను, బావ చక్రాల కుర్చీ, స్నానం బల్ల, పళ్ళబుట్టలు. నీళ్ళ ట్యాంకు అంచుదాకా నింపాను. దారిలో ట్రక్కులు తూచే కాటా పక్కనుంచే పోయాం. నేను ఆపలేదు.

మొదటిరోజు కెంటకీలో ఆగాం. ఏమీ జరగలేదు. అక్క అట్లు పోసింది. బావ మెత్తగా ఉన్నాడు. నేను లోలోపల గర్వపడ్డాను.

రెండోరోజు దక్షిణానికి దిగేకొద్దీ ఎండ ముదిరింది. సెప్టెంబరు చివర అయినా అలబామాలో రోడ్డు పెనంలా కాలుతోంది. మధ్యాహ్నం ఒక విశ్రాంతి స్థలంలో ఆగాం. బావ దిగి, ట్రైలరు కుడి చక్రం దగ్గరికి పోయి ఎడమ అరచెయ్యి దాని మీద పెట్టాడు. వెంటనే తీసేశాడు. అటు చక్రం మీద కూడా పెట్టాడు. మళ్ళీ ఇటు వచ్చాడు. తర్వాత చెట్టు కింద బల్ల మీద కూర్చుని కర్ర రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"పోదామా బావా?"

కదల్లేదు.

"ఇంకా చాలా దూరం ఉంది. లే."

తల అడ్డంగా ఊపాడు. చెయ్యి పట్టుకుంటే విదిలించాడు. పక్కన శాండ్‌విచ్‌లు తింటున్న కుటుంబం మమ్మల్ని చూస్తోంది. నాకు సిగ్గేసింది.

"చిన్నపిల్లాడిలా ఏంటిది? అక్క మొహం చూడు ఒకసారి," అన్నాను.

అక్క ఆయన పక్కన కూర్చుంది. "ఆర్లిన్, నేనెప్పుడూ నిన్ను ఏదీ అడగలేదు. నలభై ఏళ్ళు జాడీల్లో పళ్ళు కుక్కుకుంటూ ఆ వంటింట్లోనే ఉన్నాను. ఒక్కసారి ఆ సముద్రం చూడనియ్యి. తర్వాత నువ్వేమంటే అది."

ఆయన ఆమె వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. ఏ మాటా, ఆ పాత తప్పుమాట కూడా రాలేదు. మూసేశాడు. లేచాడు.

వెనక సీటు తలుపు తనే తీశాడు. అక్క ఎక్కింది. ఆయన తలుపుకి ఒళ్ళు ఆనించి, ఎడమచేత్తో బెల్టు లాగి, వంగి, కిందామీదా పడి దాన్ని బిగించాడు. బిగించాక రెండుసార్లు గుంజి చూశాడు. బెల్టు కింద నలిగిన ఆమె కాలరు సరిచేశాడు. తర్వాత నా పక్క సీట్లో వచ్చి కూర్చున్నాడు.

పోయిన సమయం రాబట్టుకోవాలని నేను డెబ్బై రెండు మైళ్ళ వేగం మీద తోలాను. ట్రైలరు టైర్లకి అరవై ఐదు దాటకూడదని కూడా ఆయనే చెప్పాడు ఒకప్పుడు.

నలభై నిమిషాలు గడిచాయి. మొదట వెనక కుడివైపు నుంచి సన్నటి వణుకు మొదలైంది. నేను రోడ్డు బాగాలేదనుకున్నాను. బావ డ్యాష్‌బోర్డు మీద చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ఆ వణుకుని వింటున్నాడు. "ఉప్పు," అన్నాడు. ఇంకా గట్టిగా, "ఉప్పు! ఉప్పు!"

"ఉప్పు వెనకుంది బావా, ఆగినప్పుడు..."

అది పేలింది.

తుపాకీ మోత కాదు. పెద్ద తలుపు విసిరేసి మూసినట్టు. ట్రైలరు కుడి పక్కకి కుంగి, చిరిగిన రబ్బరు అడుగు చెక్కల్ని కొరడాలా బాదుతుంటే, మొత్తం బండి వెనక్కి గుంజుకుపోయింది. అద్దంలో చూస్తే తోక ఎడమకి ఊగింది, కుడికి ఊగింది. నేను బ్రేకు తొక్కాను. తొక్కకూడదు. ఎప్పుడూ తొక్కకూడదు. కాలు తీసేసి, స్టీరింగు కింద ఉన్న చిన్న మీట నొక్కి ట్రైలరు బ్రేకులు మాత్రమే పట్టించాలి, అప్పుడు అది తాడుకట్టి లాగినట్టు వెనక తిన్నగా నిలబడుతుంది. ఫ్యాక్టరీ ఆవరణలో నన్ను కూర్చోబెట్టి ఆయనే నేర్పాడు.

బావ ఎడమచెయ్యి నా ఒడి మీదుగా వచ్చింది. స్టీరింగు పట్టుకోబోతున్నాడనుకున్నాను. మోచేత్తో నెట్టేశాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ నెట్టేశాను.

ఆయన వేళ్ళు ఆ మీట కోసం వస్తున్నాయని నాకు తెలిసేసరికి ఆకాశం పక్కకి తిరిగిపోయింది.

ట్రైలరు కుడివైపు గడ్డివాలులోకి ఒరిగి, మా ట్రక్కు వెనక భాగాన్ని ఎత్తి విసిరింది. ట్రక్కు అడ్డంగా జారుకుంటూ పోయి మట్టిగట్టుకి వెనక కుడివైపు గుద్దుకుని ఆగింది. అటువైపే అక్క కూర్చుంది.

నిశ్శబ్దంలో నీళ్ళు కారుతున్న చప్పుడు. నీళ్ళ ట్యాంకు. నాకు నుదురు చీరుకుపోయింది, అంతే. బావకి ఏమీ కాలేదు. అక్క అరవలేదు. "నా తుంటి," అని మెల్లగా అంది. "వెండెల్, నా కాలు ఎటుందో నాకు తెలియట్లేదు."

తలుపు లోపలికి నొక్కుకుపోయింది. నేను గుంజాను. రాలేదు. ఫోను చేశాను, అంబులెన్సు ఇరవై నిమిషాల దూరంలో ఉందన్నారు. ఆమెని కదపొద్దన్నారు. బావ ముందు సీట్లోంచి దిగి, పడి, లేచి, వెనక అద్దం పగిలినచోట చెయ్యి లోపలికి పెట్టి ఆమె చెయ్యి అందుకున్నాడు.

నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. గడ్డిలో పీచ్ పళ్ళు దొర్లుతున్నాయి. వెర్డా బొంత ఒకటి కంచెకి చుట్టుకుంది. కార్లు నెమ్మదించి, చూసి, పోతున్నాయి.

అప్పుడు బావ పాడటం మొదలుపెట్టాడు. మా చర్చి పాట, అందరికీ వచ్చినదే. అడుగు గొంతు ఒంటరిగా పాడితే పాటలా వినిపించదు, పునాది మాత్రమే ఉన్న ఇల్లులా ఉంటుంది. అయినా ఒక్క మాట పొల్లుపోకుండా పాడాడు. అక్క కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది.

అంబులెన్సు అక్కనీ బావనీ తీసుకెళ్ళింది. నేను పోలీసుకి వివరాలు చెప్పడానికి ఉండిపోయాను. క్రేను బండి మనిషి వచ్చి, పక్కకి పడున్న ట్రైలరు చుట్టూ తిరిగి, రిమ్ముకి వేలాడుతున్న టైరు ముక్కని బూటుకాలితో తిప్పాడు. లోపలి వైపు పైకి వచ్చింది. వంగి వేలితో తుడిచాడు.

"ముప్పై ఆరు, పద్నాలుగు," అని చదివాడు. "రెండువేల పద్నాలుగు సెప్టెంబరుది. తొమ్మిదేళ్ళు నిండినై. నీకు ఎవరూ చెప్పలేదా పెద్దాయనా?"

నేను గట్టు మీద కూర్చుండిపోయాను.

"చెప్పారు," అన్నాను.

"మరి?"

అతను నా నుదుటి రక్తం చూసి, ఇంకేమీ అడక్కుండా గొలుసు తగిలించుకున్నాడు.

అక్కకి మర్నాడు తుంటి ఆపరేషను చేశారు. బెల్టు గనక లేకపోతే మనిషి దక్కేది కాదన్నాడు డాక్టరు. మూడోరోజు ఆమె మాట్లాడగలిగినప్పుడు, బావ నిద్రపోతుంటే, నేను మంచం పక్కన నిలబడి చెప్పేశాను. కొత్త టైర్లు వేయించలేదని. పాలిష్ పట్టించానని. నట్ల మీద తుప్పు ఆయన నాకు చూపించాడని.

అక్క నా వైపు తల తిప్పింది. "ఆయన నోరు పోయింది గానీ బుర్ర పోలేదని డాక్టరమ్మ నీ ఎదురుగానే చెప్పింది. విన్నావుగా?"

"విన్నాను."

"నేనూ విన్నానురా. నువ్వంటే తమ్ముడివి. నేను పెళ్ళాన్ని. ఆయన ఆ బల్ల మీద కూర్చుని కదలనన్నప్పుడు, ఇంత మొండికేసే మనిషి కాదే అని నాకు ఎందుకు తట్టలేదు? సముద్రం, సముద్రం అని ఏడ్చి ఎక్కించాను." మొహం గోడవైపు తిప్పుకుంది. "నువ్విప్పుడు వెళ్ళు. నిన్ను చూస్తూ ఉండలేను."

బావతో కూడా చెప్పాను. కారిడార్లో చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, "అబద్ధం చెప్పాను బావా. నీకు తెలుసు. నీ చెయ్యి కూడా నెట్టేశాను," అన్నాను.

తెలుసన్నట్టు తల ఊపాడు. ఏదో అనబోయాడు. మెడనరాలు ఉబ్బాయి, నోరు ఒక ఆకారానికి వచ్చింది, ఎంతో ప్రయత్నించాడు. తిట్టో, ఊరడింపో. రాలేదు. అలిసిపోయి కిటికీ వైపు చూశాడు. నేను లేచి నిలబడ్డాను.

చర్చివాళ్ళు వ్యాను పంపి ఇద్దరినీ ఇంటికి తెచ్చారు. అక్క ఇప్పుడు నాలుగుకాళ్ళ చట్రం పట్టుకుని నడుస్తుంది. వంటింట్లో ఎక్కువసేపు నిలబడలేదు. ఆ కార్డులు తలుపు మీదనుంచి తీసేసింది, ఎక్కడ పెట్టిందో నాకు తెలియదు. నా బండి మళ్ళీ ఎక్కలేదు. "నీ మీద కోపం కాదురా," అంది ఒకసారి. "ఎక్కితే వెనక్కి చూస్తూనే ఉంటాను. నా వల్ల కాదు."

ఆ చలికాలం బావకి ఇంకోసారి చిన్నగా పక్షవాతం వచ్చింది. ఈసారి నడకకేమీ కాలేదు గానీ పాట పోయింది. చర్చిలో మగవాళ్ళ వరసలో పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడతాడు. అందరితోపాటు పేజీ తిప్పుతాడు. పెదాలు కదలవు.

ప్రతి గురువారం ఆయన్ని మాట నేర్పే చోటికి నేనే తీసుకెళ్తాను. వేరే మనిషిని చూసుకుంటామని అక్క అనలేదు, నన్ను రమ్మనీ అనలేదు. నేను వెళ్ళి గుమ్మం ముందు ఆపుతాను. ఆయన కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, ముందు సీట్లో కూర్చుని, ఎడమచేత్తో బెల్టు పెట్టుకుంటాడు. యాభై మైళ్ళ వేగం దాటకుండా తోలుతాను. అక్కడ డాక్టరమ్మ బొమ్మలు చూపిస్తుంది, కప్పు, కుక్క, చెట్టు. ఆయన ఒక్కొక్కదాన్ని జాగ్రత్తగా చూసి, ఒక్కొక్కదానికీ ఏదో ఒక తప్పుమాట అంటాడు. నేను వెనక కుర్చీలో కూర్చుని వింటాను. అయిపోయాక కోటు తొడిగి, తలుపు తీసి పట్టుకుంటాను. ఆయన ఎక్కుతాడు. నన్ను క్షమించి ఎక్కుతాడో, ఇంకెవరూ లేక ఎక్కుతాడో నాకు తెలియదు.